అర మాత్ర, అమ్మ సాక్ష్యం

మా అమ్మాయి పుట్టిన మొదటి పది వారాల్లో ఆమె మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. పసిపిల్లల విషయంలో ఇది అనుమానించవలసిన సంగతని ఆ రోజుల్లో మాకు తెలియదు.

ఎనభైల చివర్లో, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మాకు రెండు గదుల క్వార్టరు ఉండేది. నేను, మా ఆవిడ, మా అమ్మ. మా ఆవిడ రైల్వే బడిలో పొద్దుటి పూట పాఠాలు చెప్పేది. నేను చరిత్రలో బి.ఎ. చదివి, యార్డు పక్కన క్యాబిన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా బళ్ళను ఒక లైను మీంచి ఇంకో లైను మీదికి మళ్ళించే పనిలో కుదురుకున్నాను. వారం విడిచి వారం నైట్ డ్యూటీ. మా వరసలో ప్రతి ఇంట్లోనూ పగలు నిద్రపోయే మనిషి ఒకడుండేవాడు. ఆ ఇంటి కిటికీకి దుప్పటి కట్టి ఉంటుంది. దుప్పటి కనిపిస్తే కూరలవాడు కూడా కేక మింగేసి ముందుకు పోతాడు. అక్కడి పిల్లలు నడక కన్నా ముందు గుసగుస నేర్చుకుంటారు.

అలాంటి చోట ఏడవని పిల్ల పుట్టింది. పాలకు కూడా మేమే లేపాలి. లేపితే రెండు గుక్కలు తాగి, మా కోసం తాగానన్నట్టు మళ్ళీ కళ్ళు మూసుకునేది. పక్కింటి బెంగాలీ ఆవిడ వచ్చి చూసి "లొక్ఖీ మేయే" అంది. లక్ష్మిలాంటి బుద్ధిమంతురాలని అర్థం. మా అమ్మ ఇంకొంచెం ముందుకు వెళ్ళింది.

"రైలోడి కూతుర్నని తెలిసే పుట్టినాది గుంట. తండ్రి నిద్దర సెడగొట్టకూడదని దానికే తెలుసు."

నేను నమ్మాను. నిద్ర చాలని మనిషి తన నిద్రకు అనుకూలమైన ఏ సిద్ధాంతాన్నైనా నమ్ముతాడు.

మిగతా వాటికి కూడా మా దగ్గర జవాబులు ఉన్నాయి. పుట్టినప్పటి పసుపురంగు నెల దాటినా పూర్తిగా పోలేదు. ఎండ చాలలేదన్నారు, పొద్దుటెండలో పెట్టాం. నాలుగైదు రోజులకోసారి గాని విరేచనం అయ్యేది కాదు. ఆముదం పట్టించాం. బొడ్డు ఉబ్బింది. మా అమ్మ రాగి నాణేన్ని గుడ్డలో చుట్టి దాని మీద కట్టింది. నాలుక కాస్త బయటికి ఉండేది. మాటలకు తొందరపడుతోందన్నారు. ఒళ్ళు చల్లగా ఉండేది. చలికాలం కదా అన్నాం. ఒక్కొక్క దానికీ విడివిడిగా సమాధానం దొరికింది గనుక, అన్నిటికీ కలిపి ఒకటే సమాధానం ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు.

మా ఆవిడ మాత్రం ఒకరోజు అంది. "ఏవండీ, పిల్ల నా వేపు చూస్తంది గాని నన్ను చూడట్లేదు."

"చిన్నపిల్ల కదా," అన్నాను. పెద్దగా చదువుకోని వాళ్ళు కూడా అనగలిగే మాట అది.

పదో వారంలో టీకా కోసం రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి పిల్లల డాక్టరు బెంగాలీ ఆవిడ. కాలనీ అంతా డాక్టర్ దీదీ అనేవారు. ఏళ్ళ తరబడి మా వాళ్ళను చూడటం వల్ల ఆమెకు తెలుగులో నాలుగు ప్రశ్నలు వచ్చు, నాలుగూ కడుపుకు సంబంధించినవే. మిగతా సంభాషణ హిందీలో, రైల్వే ఇంగ్లీషులో నడిచేది.

ఆమె పిల్ల తొడలో సూది గుచ్చింది. మా అమ్మాయి కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత ఏడ్చింది. చాలాకాలంగా తెరవని తలుపు తీసినట్టు బొంగురుగా, తక్కువగా ఏడ్చింది. డాక్టర్ దీదీ సిరంజి పక్కన పెట్టి, పిల్ల మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. నాలుక చూసింది, బొడ్డు మీది కట్టు విప్పి చూసింది.

"ఎప్పుడూ ఇలాగే ఏడుస్తుందా?"

"అసలు ఏడవదు డాక్టర్," అన్నాను గర్వంగా. ఆ గర్వం గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ నేను వెంటనే వేరే విషయం ఆలోచిస్తాను.

అప్పటికప్పుడే రక్తం తీశారు. దాన్ని మంచు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని లోకల్ బండిలో కలకత్తా లాబొరేటరీకి నేనే మోసుకెళ్ళాను. రిపోర్టు వచ్చేదాకా డాక్టర్ దీదీ ఆగలేదు. "నా అనుమానం తప్పయితే మందు ఆపేద్దాం. నిజమైతే మాత్రం ఒక్కరోజు కూడా పోకూడదు," అని మర్నాడే మొదలుపెట్టించింది. వారం దాటాక వచ్చిన రిపోర్టు ఆమె మాటే చెప్పింది. మా అమ్మాయి మెడలో థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదు. పుట్టుకతోనే.

అప్పుడు కూర్చోబెట్టి వివరించింది. కడుపులో ఉన్నంతకాలం తల్లి దగ్గర్నుంచి కొంత హార్మోను అందింది. బయటికి వచ్చాక పిల్ల సొంతంగా తయారు చేసుకోవాలి. ఈ పిల్ల చేసుకోలేదు. పుట్టిన మొదటి రెండు మూడేళ్ళు మెదడులో పని జోరుగా సాగే కాలం. నరాలు కొమ్మలు వేస్తాయి, ఒకదాన్నొకటి అందుకుంటాయి, వాటి మీద కొవ్వు తొడుగు పడుతుంది. "తొడుగు లేని తీగలో కరెంటు ఎలా నడుస్తుందో మీ రైల్వేవాళ్ళకు నేను చెప్పాలా?" అంది. నాకు చెప్పాలి, నాది చరిత్ర. అయినా తల ఊపాను. ఆ పనంతటికీ ఈ హార్మోనే మేస్త్రీ. మేస్త్రీ రాని రోజు కూలీలు వచ్చినా పని జరగదు. పెద్దవాళ్ళకు ఇది తగ్గితే మాత్ర వేసుకుని చాలావరకు మామూలైపోతారు. పసిపిల్లకు అలా కాదు. కట్టవలసిన వయసులో కట్టనిది తర్వాత పూర్తిగా కట్టలేం. కొన్ని దేశాల్లో పుట్టిన నాలుగైదు రోజులకే ప్రతి బిడ్డకూ మడమ దగ్గర సూదితో గుచ్చి, రెండు చుక్కల రక్తం తీసి చూస్తారట. మన దగ్గర ఇంకా లేదు అంది.

"పది వారాలు పోనాయి కదా డాక్టర్?" అంది మా ఆవిడ.

"పోయాయి," అంది ఆమె. దానికి పంచదార ఏమీ కలపలేదు. "ఇక పోనివ్వకు."

సంగతి తెలిసి కాలనీ అంతా సానుభూతి చూపింది. మా దగ్గర సానుభూతి సలహా రూపంలో వస్తుంది. ఊళ్ళో ఇందా అనే పేట బజారులో అయోడిన్ ఉప్పు దొరుకుతోంది, అది పెట్టండి అన్నారు. పాలు తాగే పిల్లకు ఉప్పు ఎలా పెట్టాలో చెప్పలేదు. ఇద్దరు పొట్లాలు కూడా తెచ్చిచ్చారు. డాక్టర్ దీదీని అడిగితే, అయోడిన్ ముడిసరుకు మాత్రమే, దాన్ని వండవలసిన గ్రంథి పనిచేయడం లేదు, పొయ్యి వెలగని ఇంటికి బియ్యం పంపి ఏం లాభం అంది. ఆ ఉప్పు మేమే తిన్నాం.

మందు చూడటానికి ఏమంత గొప్పగా లేదు. చిన్న తెల్ల మాత్రలో సగం. రోజూ పొద్దున్నే దాన్ని నలిపి, చెంచాలో తల్లిపాల చుక్కలు కలిపి, నాలుక మీద వెయ్యాలి. మా ఆవిడ ఆరింటికే బడికి వెళ్ళిపోతుంది. నేను డ్యూటీ నుంచి అప్పుడే వస్తానో, నిద్రలో ఉంటానో చెప్పలేం. కాబట్టి ఆ పని మా అమ్మకు వచ్చింది. చెయ్యి కడుక్కుని, ప్రార్థన చేసుకుని, మాత్రను బ్లేడుతో సరిగ్గా సగానికి కోసేది. సగం కాస్త పెద్దదయితే రెండో సగాన్ని మర్నాటికి పెట్టి, రెండు రోజులకు లెక్క సరిపోయిందనేది.

మందు మొదలుపెట్టిన నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం నాకు మెలకువ వచ్చింది. ఇంట్లో ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. పక్కింటి పిల్లేమో అనుకుని అటు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి భుజం కుదిపింది.

"లెగండి. మనదే."

వెళ్ళి చూస్తే ఎర్రబడిన మొహంతో, బిగించిన పిడికిళ్ళతో, ఆలస్యంగా వచ్చిన పాల మీద మా అమ్మాయి తన అభిప్రాయం చెబుతోంది. ఆ తర్వాత రెండు నెలల్లో చర్మం మెత్తబడింది, చేతులు వెచ్చబడ్డాయి, మమ్మల్ని చూసి నవ్వింది, బోర్లా పడింది. నా పగటి నిద్ర పోయింది. కిటికీకి దుప్పటి కట్టడం మానేశాం.

పిల్లకు ఏడో నెల వచ్చాక ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పింది. దేవుడు తన జీవితంలో చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం, విన్నవాళ్ళు స్తోత్రం అనడం మా వాళ్ళ అలవాటు. అమ్మ శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించిన సంగతి, పిల్ల కళ్ళు తెరిచిన సంగతి చెప్పింది. సగం చర్చి కళ్ళు తుడుచుకుంది. అందులో నేనూ ఉన్నాను. మాత్ర మాటా, డాక్టర్ మాటా రాలేదు. సమయం చాలలేదనుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను హాయిగా నిద్రపోయాను. పిల్ల కాస్త నెమ్మదించిందని, పెద్దదవుతోందని మా ఆవిడతో అన్నాను కూడా.

మూడో వారం చివర ఒక సెలవురోజు పొద్దున్న పిల్ల పాదాలు పట్టుకుని, మళ్ళీ చల్లబడ్డాయని చూసి మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. నేను కాఫీ తాగుతున్నాను.

"అత్తా, మాత్ర ఏస్తన్నారా?"

మా అమ్మ అబద్ధం చెప్పదు. అడగని నిజం కూడా చెప్పదు.

"నేదమ్మీ."

"ఎప్పుట్నుంచి?"

"సాచ్చెం సెప్పిన కాణ్నుంచి."

మా ఆవిడ సీసా తీసింది, మాత్ర కోసింది, నలిపింది, పిల్ల నోట్లో వేసింది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. చేతిలో చెంచా అలాగే ఉంది.

"అమ్మా, ఏటి పనిది?" అన్నాను.

"ఏట్రా పని? అంతమంది ముందర దేవుడు బాగు సేసినాడని సెప్పినాను. మర్నాడు లెగిసి సీసా మూత తీస్తే ఏటర్థం? దేవుడు సగం సేసి ఒగ్గీసినాడనా? నాను అబద్ధం సెప్పినట్టవదా?"

"నాతో ఒక్క మాట చెప్పాలా వద్దా?"

"నువ్వు నిద్దరోతన్నావు."

ఆమె దెప్పలేదు, ఉన్నమాటే చెప్పింది. ఆ మూడు వారాలూ ఆమె ఊరికే లేదు, మాత్ర వేసే వేళకు పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. పిల్ల మళ్ళీ మందగించడం ఆమె కూడా చూసింది. తన విశ్వాసం చాలడం లేదనుకుని ఉపవాసం ఇంకో రోజు పెంచింది. మేము నిద్రపోయిన మూడు వారాలూ ఆమె సరిగా అన్నం తినలేదు.

సాయంత్రం పాస్టరు అయ్యగారిని పిలుచుకొచ్చాను. సైకిలు గోడకు ఆనించి, మందపాటి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆయన అంతా విన్నారు.

"అమ్మా, నా కన్ను ఆపరేషనప్పుడు సంఘమంతా ప్రార్థన సేసినారు. గుర్తుందా?"

"ఎందుకు నేదయ్యగారూ."

"దేవుడు సూపు ఇచ్చినాడు. ఇప్పుడీ అద్దాలు తీసేసి సైకిలెక్కమంటావా?"

"ఒద్దయ్యగారూ. కాలవలో పడతారు."

"మరి?"

అమ్మ ఆయన కళ్ళద్దాల వైపు చూసింది. "మీ అద్దాలు అందరికీ అవుపిస్తాయి కదండీ. మీరు దాచీలేదు. నాను మాత్ర సంగతి సెప్పనేదు. దేవుడికి తక్కువవుద్దని దాచీసినాను. దాచినాక ఇంక ఎలాగెయ్యను?"

అయ్యగారు ఆమె వైపు కొత్తగా చూశారు. ఆయన తెచ్చుకున్న ఉదాహరణ ఆమె సమస్యకు సరిపోలేదు. "అయితే అదే సెప్పమ్మా," అన్నారు చివరికి. "అదీ సాచ్చెమే."

మర్నాడే ఆమె మాత్ర వేసింది. ఆదివారం మళ్ళీ లేచి నిలబడింది. "గుంటకి మాత్ర కూడా ఉంది. డాకటరమ్మ ఇచ్చినాది. నాను మూడు వారాలు మానీసినాను. తప్పు నాది," అని కూర్చుంది. ఇలాంటి దానికి స్తోత్రం చెప్పవచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. వెనకవరసలోంచి ఎవరో సాహసించి స్తోత్రం అన్నారు, మిగతావాళ్ళు అందుకున్నారు.

డాక్టర్ దీదీ మళ్ళీ రక్తం తీసి, మోతాదు కొంచెం పెంచింది. తిడుతుందని అమ్మ తయారుగా వెళ్ళింది. ఆమె తిట్టలేదు. అది అమ్మకు మరీ కష్టమయింది.

అక్కణ్నుంచి అమ్మ జీవితం ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. మా వరసలో అదే నెలలో పుట్టిన పిల్లవాడొకడు ఉన్నాడు, వాడు కూర్చున్న రోజు, నిలబడ్డ రోజు ఆమెకు కంఠతా వచ్చు. వాడు ఏడాదికి నడిచాడు. మా అమ్మాయి పందొమ్మిదో నెలలో గోడ వదిలి మూడడుగులు వేసి బకెట్టులో కూర్చుంది. వాడు వాక్యాలు మాట్లాడుతున్నప్పుడు మా అమ్మాయికి నాలుగు మాటలు వచ్చు. ప్రతిసారీ అమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగేది.

"ఆ మూడు వారాలేనంటావా?"

"కాదమ్మా," అనేవాణ్ని. నాకేం తెలుసు?

మూడేళ్ళు దాటాక డాక్టర్ దీదీ ఒక నెల మందు ఆపమంది. గ్రంథి అప్పటికైనా కొంత పనిచేస్తోందో లేదో అలా ఆపి చూస్తేగాని తెలియదట. అమ్మ ఒప్పుకోలేదు. నాకు చెప్పకుండా రిక్షా కట్టించుకుని ఆసుపత్రికి బయల్దేరింది. సంగతి తెలిసి నేను వెనకాలే వెళ్ళేసరికి డాక్టర్ బల్లముందు కూర్చుని, మూడు భాషలు కలిపి దెబ్బలాడుతోంది.

"నాను ఆపితే పాపం, మీరు ఆపితే వైద్యమా డాకటరమ్మా?"

డాక్టర్ దీదీ మా అమ్మను పిన్నీ అన్నట్టు మాసీ అనేది. "మాసీ, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ రాకపోవడం వేరు. కట్టాక ఒక నెల రాకపోవడం వేరు. ఇప్పుడు ఒక నెల మందు లేకపోతే పిల్ల కాస్త మందంగా ఉంటుంది, మళ్ళీ వేస్తే లేస్తుంది. ఏదీ కూలిపోదు."

నేను దాన్ని తెలుగు చేసి చెప్పాను. చెబుతూ ఉండగానే తప్పు చేశానని తెలిసింది.

"అంటే అప్పుడు కట్టతన్నారు కదా," అంది అమ్మ నెమ్మదిగా. "నాను ఆపినప్పుడు."

ఈసారి నా అనువాదం అవసరం లేకపోయింది. డాక్టర్ దీదీ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"అవును. ఎంత పోయిందో నాకు తెలీదు మాసీ. అసలు పోయిందో లేదో తెలీదు. ఏ రక్తపరీక్షా అది చెప్పదు. నువ్వు మూడు వారాల గురించి అడుగుతున్నావు. అంతకుముందు పది వారాలు మందే లేదు. వాటి గురించి నన్నెవరూ అడగలేదు. పిల్ల పుట్టిన రోజున చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది నేను. లొక్ఖీ మేయే అన్నాను. చదువుకున్నదాన్ని, నేనూ అదే అన్నాను."

తిరుగుదారిలో గోల్‌బజార్ దాటాక అమ్మ అడిగింది. "పాపం, ఆవిడికి ఎవరైనా సెప్పినారంటావా, నీ తప్పు కాదని?"

నెల తర్వాత పరీక్ష చేస్తే గ్రంథి ఏమీ చెయ్యడం లేదని తేలింది. మాత్ర జీవితాంతం ఉంటుంది. అమ్మ ఊపిరి పీల్చుకుంది. మాత్ర వేసే పని తనకే తిరిగి వచ్చింది మరి.

మా అమ్మాయి వాళ్ళమ్మ బడిలోనే చేరింది. బంతి విసిరితే పట్టుకోలేదు, అక్షరాలు గీతకు కింద నడిచేవి. ఎదురు సమాధానం చెప్పడంలో మాత్రం ఎక్కడా వెనకబడలేదు. మూడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. తెలుగు ఫరవాలేదు. లెక్కల దగ్గర ఎర్రసిరా. అమ్మకు చదువు రాదు గాని ఎర్రసిరా చదవగలదు.

"ఆ మూడు వారాలే," అంది. ఈసారి అడగలేదు.

నేను ట్రంకు పెట్టె వెతికి నా నాలుగో తరగతి కార్డు బయటికి తీశాను. లెక్కల్లో ఇరవై రెండు. అదీ ఎరుపే. కింద మా నాన్న సంతకం, కాగితం చిరిగేంత గట్టిగా. రెండు కార్డులూ అమ్మ ముందు పక్కపక్కన పెట్టాను.

"నీకెవులూ మాత్ర మానీలేదు కదా," అంది.

"మాత్రే లేదు."

"మరేటి నీకు?"

"ఏం లేదు. లెక్కలు రావు."

అమ్మ రెంటినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోవడం నాకు తెలిసింది.

"నువ్వు పన్నెండో ఎక్కం కాడ ఆగిపోనావు," అంది. "నాకు గేపకం ఉంది. మీ నాన్న కొట్టినాడు. ఇది ఏడు కాడే ఆగిపోనాది."

నిజమే. మధ్యలో ఐదు ఎక్కాలున్నాయి. అవి నావా, వాళ్ళ నానమ్మవా, ఆ పది వారాలవా, దేవుడివా, ఎవరు చెప్పగలరు? చరిత్ర చదివినవాణ్ని. జరగనిది జరిగి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు మార్కులుండవని మా మాస్టర్లు చెప్పేవారు. ఆ మాట ఆమెతో అనలేదు. కార్డులు రెండూ తీసేశాను.

వరండాలోంచి మా అమ్మాయి పిలిచింది. "నానమ్మా, ఏడెనిమిదులు ఎంత?"

"నాకు రాదే," అని అమ్మ లేచి వెళ్ళి దాని పక్కన చాప మీద కూర్చుంది. "నాను బడికెళ్ళినానా ఏటి? మొదట్నుంచి సెప్పు, ఇద్దరం నేర్సుకుందాం. ఏడొకట్ల?"

"ఏడు."

"ఏడొకట్ల ఏడు," అంది అమ్మ.

ఆ సాయంత్రం ఏడో ఎక్కం ఎనిమిది దగ్గర మూడుసార్లు ఆగింది. నాలుగోసారి దాటింది. ఇద్దరిలో ఎవరు ముందు చెప్పారో నేను గమనించలేదు. లోపల కూర్చుని నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను.